కొండ మీద క్వారీ ప్రతిపాదనలను ఊరివాళ్లే కనిపెట్టి ఉండటం ఎలా?

దీనికి ఇంటర్నెట్ ఉన్న ఫోను, గూగుల్ ఎర్త్, గ్రామ ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల హద్దుల కొలతల పుస్తకం) నకలు, ఒక నోటు పుస్తకం చాలు. పుస్తకమే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన దరఖాస్తు సంఖ్య మర్నాటికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది. ప్రతి సోమవారం ఒకరు పర్యావరణ అనుమతుల కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో మీ జిల్లా క్వారీ దరఖాస్తులు చూసి, సర్వే నంబరు, విస్తీర్ణం రాసుకోవాలి.

అసలు చిక్కు హద్దుల దగ్గర వస్తుంది. ‘కొండ పోరంబోకు’గా నమోదైన కొండకు చాలాచోట్ల మొత్తం మీద ఒకటే సర్వే నంబరు ఉంటుంది కనుక, తవ్వబోయేది గెడ్డ (వాగు) పుట్టే వైపో, బోడిగా ఉన్న వైపో ఆ నంబరు చెప్పదు. దరఖాస్తులోని మూలల అక్షాంశ రేఖాంశాలను గూగుల్ ఎర్త్‌లో గుర్తించాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు: 17 డిగ్రీల 40 నిమిషాలను 17.40 అని కొడితే గుర్తు సుమారు 30 కిలోమీటర్లు దక్షిణాన పడుతుంది, దాన్ని 17.667గా మార్చి కొట్టాలి. తరువాత పశువులు కాసేవారిని వెంటబెట్టుకుని ఆ మూలలకు నడిచి వెళ్లాలి, ఎందుకంటే ఎండాకాలంలో ఊట ఎక్కడ నిలుస్తుందో ఉపగ్రహ చిత్రం కన్నా వాళ్లకే బాగా తెలుసు.

లీజు నాలుగు హెక్టార్లేనని ఊరుకోకూడదు. ఒక లీజు అంచు నుంచి 500 మీటర్లలోపు అదే రకం ఖనిజానికి మరో లీజు ఉంటే రెండింటినీ ఒకే క్లస్టరుగా లెక్కించాలని 2006 పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్‌కు 2016 జనవరిలో చేసిన సవరణ చెబుతోంది. మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ సభ కోరవచ్చు. ఈ దూరం కొలవకుండా సభలో ఎంత అరిచినా ఉపయోగం లేదు.

సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలని అదే 2006 నోటిఫికేషన్ నిర్దేశిస్తోంది. ఒకే వినతిపత్రం కింద వందల సంతకాలు పెట్టించవద్దు, అది ఒక్క అభ్యంతరంగానే మిగిలిపోతుంది. ఒక్కొక్కరు ఒక్కో విషయం మీద, ఫొటోతో, అక్షాంశ రేఖాంశాలతో ఒక్క పేజీ రాసి, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి, రెండో ప్రతిపై ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. సభ చివర కార్యవాహి చదివి వినిపించేదాకా ఎవరూ లేవకూడదు; మీ మాట అందులో లేకపోతే అక్కడికక్కడే చెప్పి చేర్పించాలి.

అయినా క్వారీకి పర్యావరణ అనుమతి వచ్చిందంటే, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ట్రిబ్యునల్ అనుమతించవచ్చు.