బోటు ఇంజిన్‌కి ప్రొపెల్లర్ కుదిరిందా? లక్షణం బట్టి కారణం, పరిష్కారం

బోటు అనుకున్నంత పరిగెత్తకపోతే చాలామంది వెంటనే ఇంజిన్ చిన్నదనేస్తారు. కానీ ఉన్న పవర్ నీటికి సరిగ్గా అందుతోందా అన్నది ముందు తేల్చాలి. దాన్ని ఫుల్ థ్రాటిల్‌లో టాకోమీటర్ చూపించే ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చెబుతుంది. ఆ అంకె చేతిలో లేకుండా కొత్త ప్రొపెల్లర్ కొనకండి, పెద్ద ఇంజిన్ గురించి అసలే ఆలోచించకండి.

ముందుగా కొలత

ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఎంత తిరగాలో మాన్యువల్‌లో ఒక రేంజ్ రాసి ఉంటుంది. బోటు వెనక బిగించే చాలా ఔట్‌బోర్డ్ ఇంజిన్లకి అది 5000 నుంచి 6000 దాకా ఉంటుంది, మీ ఇంజిన్‌కి ఎంతో చూసుకోండి. మామూలుగా ఎంతమందిని, ఎంత సామాను, ఎంత పెట్రోలు ఎక్కిస్తారో అంతా ఎక్కించి, నీళ్లు నిలకడగా ఉన్న చోట, ముందు ఎవరూ లేరని చూసుకుని, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ట్రిమ్ (ఇంజిన్ బోటు వైపుకీ బయటికీ వంగే కోణం) సర్దుతూ ఆర్పీఎం ఇక పెరగదు అన్న చోట ఆ అంకె, జీపీఎస్ చూపించే స్పీడు రాసుకోండి. ఒక్కరే కూర్చుని తీసిన కొలతతో ప్రొపెల్లర్ ఎంచుకుంటే కుటుంబం అంతా ఎక్కిన రోజు ఇంజిన్ మూలుగుతుంది. టాకోమీటర్ వెనక పోల్ సెట్టింగ్ (మీటర్‌ని ఇంజిన్‌కి తగ్గట్టు సర్దే స్విచ్) తప్పుగా ఉంటే అది చూపించే అంకే తప్పు, కాబట్టి అనుమానం ఉంటే వేరే మీటర్‌తో సరిచూసుకోండి.

ప్రొపెల్లర్ మీద 13 x 19 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. ఏమాత్రం జారకుండా ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకెళ్లాలో అదే పిచ్. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది, పెంచితే అంతే తగ్గుతుంది. మామూలు బరువుతో మాన్యువల్ రేంజ్‌లో పై సగంలోకి రావాలి.

సమస్య: ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఆర్పీఎం రేంజ్‌కి చేరదు

దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పిచ్ ఎక్కువైతే ఇంజిన్ పరిస్థితి టాప్ గేర్‌లో ఘాట్ ఎక్కుతున్న కారులా ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటుంది, తిరగాల్సినంత తిరగదు, ఆ లోడ్‌కి సిలిండర్లలో వేడి పెరిగి డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) మొదలై పిస్టన్లు దెబ్బతినొచ్చు. శబ్దం తక్కువగా ఉంది కదా, ఇంజిన్ హాయిగా నడుస్తోంది కదా అని ఇలాగే ఏళ్ల తరబడి నడిపేవాళ్లున్నారు. ఇంజిన్ పోయేది ఇలాగే.

అయితే ప్రొపెల్లర్ మీద నేరం మోపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మొదటి నుంచీ ఇలాగే ఉందా, ఈమధ్యే మొదలైందా? ఇదే ప్రొపెల్లర్‌తో, ఇదే బరువుతో ఇంతకుముందు బాగా తిరిగి ఇప్పుడు పడిపోయిందంటే లోపం వేరే చోట ఉంది. బోటు అడుగున నాచు, గుల్లలు పట్టాయేమో చూడండి. లోపల నీళ్లు నిలిచాయేమో, బోటు తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీళ్లు పీల్చుకుని బరువెక్కిందేమో చూడండి. తర్వాత ఇంజిన్ దగ్గరికి రండి. ఇంజిన్ ఆపి, ఒకరు లివర్ చివరిదాకా తోస్తే థ్రాటిల్ బటర్‌ఫ్లై (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో ఇంకొకరు చూడాలి, ఎందుకంటే కేబుల్ సాగిపోయి ఉండటం చాలా మామూలు విషయం. ఫ్యుయల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, కంప్రెషన్ ఆ తర్వాత. వార్నింగ్ అలారం మోగి ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంటే అలారం ఎందుకో ముందు చూడాలి.

ఇవన్నీ బాగుండి, కొన్నప్పటి నుంచీ ఇంతే అయితే పిచ్ తగ్గించాలి. ఉదాహరణకి 5000–6000 ఇంజిన్ 19 పిచ్‌తో 4950 దగ్గర ఆగిపోతోంది అనుకోండి. 15కి దిగితే 600 నుంచి 800 పెరిగి 5550–5750 దగ్గరికి వస్తుంది. ఒకేసారి నాలుగు అంగుళాలు తగ్గిస్తే స్పీడు పడిపోతుందేమోనని భయం వేస్తుంది కానీ, ఇంత లోడ్ మీద ఉన్న ఇంజిన్ తన పూర్తి పవర్ ఇవ్వడమే లేదు, కాబట్టి చాలాసార్లు స్పీడు తగ్గదు, పైగా బోటు త్వరగా నీటి మీదికి లేచి పరిగెడుతుంది. టర్బో లేని ఇంజిన్ అయితే ఎత్తైన ప్రాంతాల సరస్సుల్లో ప్రతి 1000 అడుగులకీ సుమారు 3 శాతం పవర్ కోల్పోతుంది, అక్కడ నడిపేవాళ్లకి ఇంకా తక్కువ పిచ్ కావాలి.

సమస్య: ఆర్పీఎం రేంజ్ దాటిపోతోంది, లిమిటర్ తగులుతోంది

లిమిటర్ అంటే ఇంజిన్ మరీ ఎక్కువ తిరగకుండా ఆపే ఏర్పాటు. ఎక్కువగా కారణం పిచ్ తక్కువ కావడమే, ఒకటో రెండో అంగుళాలు పెంచితే సరిపోతుంది. కానీ ప్రొపెల్లర్ జారడం వల్ల కూడా ఇలాగే అవుతుంది, అందుకే స్లిప్, అంటే ఎంత శాతం జారుతోందో లెక్క కట్టండి. ఆర్పీఎంని పిచ్‌తో గుణించి, గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ఇంజిన్ తిరిగే చుట్లు), ఆ తర్వాత 656తో భాగిస్తే జారకుండా వెళ్తే రావాల్సిన స్పీడు గంటకి కిలోమీటర్లలో వస్తుంది. 5600 ఆర్పీఎం, 17 పిచ్, 2.00 రేషియో అయితే దాదాపు 72.5. జీపీఎస్ 63 చూపిస్తే స్లిప్ 13 శాతం. తేలికైన బోట్లకి 10–15 శాతం మామూలే, బరువైన వాటికి ఇంకాస్త ఉంటుంది. అదే 30 దాటితే పిచ్ మార్చి లాభం లేదు, కింద చెప్పిన రెండు సమస్యలూ చూడండి.

సమస్య: మలుపులో ఆర్పీఎం ఒక్కసారిగా ఎగిరిపోతుంది, బోటు మాత్రం వెనకబడుతుంది

గాలో, ఎగ్జాస్టో రెక్కల దగ్గరికి చేరుతోంది. దీన్ని వెంటిలేషన్ అంటారు. ఇంజిన్ ఎక్కువ ఎత్తులో బిగించి ఉండొచ్చు, లేదా ట్రిమ్ బాగా బయటికి ఉండొచ్చు. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డప్లేటు బోటు అడుగుతో దాదాపు సమానంగా ఉందా అని కొలవండి, పైకి ఉంటే ఇంజిన్‌ని బిగించే బోల్టు రంధ్రాల్లో ఒకటి కిందికి దించండి. మలుపు తిరిగే ముందు ట్రిమ్ లోపలికి తెచ్చుకోవాలి. ప్రొపెల్లర్‌కి సరిగ్గా ముందు సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ (లోతు, చేపలు చూపించే పరికరం సెన్సర్) బిగించి ఉంటే దాన్ని పక్కకి జరపండి, అది లేపే నురగ నేరుగా రెక్కల్లోకే వెళ్తుంది.

సమస్య: నెమ్మదిగా బాగానే వెళ్తుంది, థ్రాటిల్ పెంచితే ఇంజిన్ అరుస్తుంది గానీ బోటు కదలదు

ప్రొపెల్లర్ మధ్యభాగమైన హబ్ లోపలి రబ్బరు పట్టు వదిలేసింది. లోపలి హబ్ మీదా బయటి ప్రొపెల్లర్ మీదా కలిసేలా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసి, ఒకసారి గట్టిగా నడిపి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే హబ్ మార్చాల్సిందే. నెమ్మదిగా నడుపుతూ ఒడ్డుకి చేరొచ్చు, అంతకుమించి నమ్మకండి.

సమస్య: బోటు ముక్కు పైకెత్తుకుని ఎంతకీ లేవదు

ముందు ట్రిమ్ పూర్తిగా లోపలికి పెట్టి, వెనక పేరుకున్న బరువు ముందుకి మార్చండి. అప్పటికీ లేవకపోతే, స్కీయర్లని లాగడమో, నిండా మనుషులతో వెళ్లడమో మీ వాడకం అయితే, నాలుగు రెక్కల ప్రొపెల్లర్ తీసుకోండి. పిచ్ సాధారణంగా ఒక అంగుళం తక్కువ. టాప్ స్పీడు కొంచెం పోతుంది, కానీ తక్కువ వేగంలోనూ బోటు లేచే ఉంటుంది, ఇలాంటి వాడకానికి అదే ముఖ్యం అని నా అభిప్రాయం.

సమస్య: వణుకు

రెక్క వంగిందా, చిట్లిందా చూడండి. ప్రొపెల్లర్ విప్పి షాఫ్ట్‌కి గాలం దారం చుట్టుకుందేమో కూడా చూడండి, అది సీల్‌ని కోసేస్తుంది. గేర్ ఆయిల్ పాలలా కనిపిస్తే నీళ్లు లోపలికి వెళ్లాయి, సీల్ మార్చేదాకా నడపొద్దు.

అన్నీ సరిగ్గా ఉన్నా స్పీడు చాలదు అనిపిస్తే

అప్పుడు పెద్ద ఇంజిన్ గురించి మాట్లాడొచ్చు. కానీ నీటి మీద లేచి పరిగెత్తే బోట్లలో స్పీడు సుమారుగా పవర్‌కి వర్గమూలంలా పెరుగుతుంది, అంటే పవర్ 20 శాతం పెంచితే వచ్చే స్పీడు 10 శాతం లోపే. బోటు ప్లేటు మీద రాసిన గరిష్ఠ హార్స్‌పవర్ దాటకూడదు. ఇంజిన్ మారితే పాత ప్రొపెల్లర్ పిచ్ కూడా చాలదు, లెక్క మళ్లీ మొదటి నుంచి.

ప్రొపెల్లర్ మార్చేటప్పుడు తాళంచెవి, కిల్ స్విచ్ (ఇంజిన్‌ని వెంటనే ఆపే స్విచ్) తాడు తీసి జేబులో పెట్టుకోండి, గేర్ న్యూట్రల్‌లో ఉంచండి. తిరగకుండా రెక్కకీ అడ్డప్లేటుకీ మధ్య చెక్కముక్క పెట్టండి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో విప్పేముందే ఫొటో తీసుకోండి. షాఫ్ట్ మీది గాడులకి మెరైన్ గ్రీజ్ రాసి, నట్ మాన్యువల్‌లో చెప్పినంత బిగించి, పిన్ ఉంటే పాతది పారేసి కొత్తది వేయండి.