కూలర్ దించే ముందు, సోలార్ పెట్టే ముందు: ఎర్త్ చూసుకోండి

మొన్న పేపర్లో మళ్లీ అదే వార్త. కూలర్లో నీళ్లు పోస్తుంటే షాక్ కొట్టి మనిషి పోయాడు. శివరాత్రి దాటిందంటే వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు ఇలాంటివి చదవని ఏడాది లేదు. అందుకే మీ అటక మీది కూలర్ ఇంకా కిందికి దిగకముందే ఇది రాస్తున్నా. ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి, గదిలోంచి పోతూ ఫ్యాన్ ఆపండి లాంటివి చెప్పను, అవి పిల్లలకూ తెలుసు.

బిల్లు లెక్క

తెలంగాణలో రేషన్ కార్డున్న ఇళ్లకు గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే పైన కాలిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. 2022లో పెరిగిన రేట్ల ప్రకారం 201 యూనిట్లకే వెయ్యి రూపాయలు దాటుతుంది. అందుకే అందరూ ఇప్పుడు కరెంటు తక్కువ తాగే సామాన్ల వెంట పడ్డారు. మంచిదే. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 48 యూనిట్ల దాకా మిగులుతాయి. స్లాబ్ మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటో, రెండు పూతల సున్నమో వేస్తే కింద గది వేడి తగ్గుతుంది. ఏసీ కొనేముందు ఈ పని చేయండి, ఖర్చు కూడా తక్కువ.

సోలార్

ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకన్నా ఎక్కువకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెట్ మీటర్ (మీరు లైన్ నుంచి తీసుకున్నదీ, లైన్‌కు ఇచ్చిందీ లెక్కించే మీటర్) బిగించాక అది మీ ఖాతాలోనే పడుతుంది. "సబ్సిడీ నేనే తెచ్చిస్తా, ఓటీపీ చెప్పండి" అనేవాణ్ణి గేటు దగ్గరే పంపేయండి. మీటర్ ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదే ఉందా? ముందు పేరు మార్పించుకోండి, దరఖాస్తు తర్వాత. ఇంకో మాట. బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కే కలిపే మామూలు గ్రిడ్ సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. దాన్ని తప్పించే వైరింగ్ చేయిస్తానని ఎవడన్నా అంటే ఒప్పుకోకండి.

అసలు మాట

ఇన్ని కొంటారు, ఎర్త్ మాత్రం ఎవరూ అడగరు. ఇళ్లు ఆరిపోయేది ఇక్కడే. కూలర్ మోటారు తడిసి ఇన్సులేషన్ పాడైతే ఇనుప డబ్బా మొత్తానికీ కరెంటు వస్తుంది. ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే తడి చేత్తో తాకిన మనిషిలోంచి పోతుంది. ఎంసీబీ ఉందిగా అని ధీమా వద్దు. అది లోడ్ పెరిగితేనో, షార్ట్ అయితేనో పడిపోతుంది. మనిషిని చంపే కరెంటు దానికి లెక్కలోకే రాదు. మనిషి కోసం పెట్టాల్సింది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా వెంటనే లైన్ ఆపేసే స్విచ్.

అన్నిటికన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఎర్త్ లేని ఇంట్లో ప్లగ్గు బాక్సులోనే న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే తీగని) ఎర్త్ పిన్నుకు కలిపేయడం. పైకి అంతా బాగానే నడుస్తుంది. ఏ గాలిదుమారానికో న్యూట్రల్ తెగిందంటే కూలర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అన్నీ షాక్ కొడతాయి. మీ ఇంట్లో ఇలా కలిపారో లేదో బాక్సు విప్పించి చూడండి.

ఇంకా:

మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల బోర్డులో దూర్చకండి.

నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ఆ స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) అలాగే ఉంటుంది.

కూలర్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు.

ఫ్యూజులో రాగి తీగ మెలిపెట్టి కట్టకండి.

ఏసీ పెడుతున్నారా? లోడ్ పెంచమని డిస్కమ్‌కు (కరెంటు కంపెనీకి) దరఖాస్తు పెట్టండి. ఏసీకి విడిగా వైరు లాగించండి.

ఎర్త్ గుంత ఎక్కడుందో ఇంటాయనకే తెలియని ఇళ్లు ఎన్నో. వెతకండి. ఎండలకు నేల ఎండితే ఎర్త్ సరిగ్గా పని చేయదు, అప్పుడప్పుడూ బకెట్ నీళ్లు పోయండి.

సోలార్ వాళ్లు ప్యానెళ్లకు విడిగా ఎర్త్ వేశారా? వేయకుండా డబ్బులివ్వకండి.

కిరాయి ఇల్లా? ఓనర్‌ని అడగండి. కుదరదంటే ఇనుప కూలర్ అమ్మేసి ప్లాస్టిక్ బాడీది తెచ్చుకోండి. ముప్పు కొంత తగ్గుతుంది గానీ, దానికీ ఎర్త్ కావాలి.

షాక్ కొట్టిన మనిషిని చేత్తో లాగకండి. మెయిన్ ఆపండి, తర్వాత 108.

బయట తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకండి, కరెంటు వాళ్ల నంబరు 1912కి చెప్పండి.

ఎలక్ట్రీషియన్‌ను ఈ వారమే పిలవండి. ఏప్రిల్‌లో ఫోన్ కూడా ఎత్తడు.