కొట్టు పెడుతున్నారా? కాటా దగ్గర కొన్ని పట్టింపులుండాలి

కొత్తగా కిరాణా కొట్టు తెరిచేవాళ్లు సరుకు ఎక్కడ చవకో అడుగుతారు, అడ్వాన్సు ఎంత ఇవ్వాలో అడుగుతారు. కాటా దగ్గర ఎలా ఉండాలో మాత్రం ఎవరూ అడగరు. తెనాలిలో మా నాన్న కాలం నుంచీ కొట్టు మీదే బతుకుతున్నవాణ్ణి, అడక్కపోయినా చెబుతాను.

ముందు చట్టం పని ముగించండి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోవాలి. ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకోకూడదు, కూల్‌డ్రింకుకి ఫ్రిజ్ ఖర్చని చెప్పి కూడా. ఇవి జరిమానా భయంతోనైనా చేస్తారు. భయంతో చేసేదాన్ని నేను పట్టింపు అనను. ఎవరూ పట్టుకోలేని చోట కూడా చెయ్యి ఆగాలి.

మిఠాయి డబ్బానే తీసుకోండి. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి, డబ్బా బరువు తీసేసే టేర్ మీట నొక్కి, సున్నా చూపించాకే స్వీటు వెయ్యండి. డబ్బా 50 గ్రాములుండి స్వీటు కేజీ 600 అయితే, మనం అట్టముక్కని 30 రూపాయలకి అమ్మినట్టు. దీపావళి రద్దీలో ప్రతిసారీ మీట నొక్కే తీరిక ఉండదు, నిజమే. అందుకే ముందురోజే సైజుల వారీగా డబ్బాలు తూచి, ఏ డబ్బాకి ఎంత కలిపి చూసుకోవాలో కాటా పక్కన రాసి అంటించండి. యాలకుల దగ్గర ఇంకా జాగ్రత్త. పది గ్రాముల సరుక్కి కాయితం పొట్లం బరువు కూడా బరువే. అంకెలు కనిపించే వైపు కొనేవాళ్ల వైపు తిప్పి పెట్టండి, మన వైపు కాదు.

నూనె సంగతి ఇంకా తిరకాసు. "కేజీ ప్యాకెట్ ఇవ్వండి" అంటారు, మనం లీటరు ప్యాకెట్ ఇస్తాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఈమధ్య చూడ్డానికి లీటరులాగే ఉండి, గ్రాములు అంతకన్నా తక్కువుండే ప్యాకెట్లూ వస్తున్నాయి. బరువు ప్యాకెట్ మీద అచ్చువేసి ఉంటుంది, చట్టం మనల్ని ఏమీ అనదు. కానీ కళ్లద్దాలు లేకుండా వచ్చిన పెద్దావిడకి ఆ అచ్చు కనిపించదు కదా. "ఇది కేజీ కాదమ్మా, ఇంతే ఉంది, ధర ఇంత" అని నోటితో చెప్పండి. చెబితే ఒక్కోసారి బేరం పోతుంది. పోనివ్వండి.

ఖాతా పుస్తకం రాసేటప్పుడు చదువురానివాళ్లకి పైకి చదివి వినిపించండి. పిల్లలు 500 నోటు తెస్తే చీటీలో సరుకుల లెక్కా, మిగిలిన చిల్లరెంతో రాసి పంపండి.

అతిగా పోనక్కర్లేదు. షుగరున్న పెద్దాయనకి బెల్లం అమ్మొచ్చా అని మథనపడేవాళ్లున్నారు. నేనైతే అమ్ముతాను. ఆయన నోరు ఆయనిష్టం, ఇంట్లో ఎవరికోసం తీసుకెళ్తున్నారో మనకేం తెలుసు? గడువు దాటిన బిస్కెట్లు అమ్మడం మాత్రం వేరే సంగతి, అది మన చేతిలో పని. రేపటితో గడువు తీరేదైతే ఆ మాట చెప్పి, ధర తగ్గించి ఇవ్వండి.

కాటా దగ్గర కుర్రాణ్ణి పెట్టాక అసలు తిప్పలు మొదలవుతాయి. తరుగొస్తే వాడి జీతంలో కోసే యజమానులున్నారు. అలా కోస్తే ఆ డబ్బు వాడు తూకంలోనే రాబట్టుకుంటాడు, ఇక వాణ్ణి తిట్టి లాభం లేదు. మొగ్గుగా తూచమని కొనేవాళ్ల ఎదుటే చెప్పండి. బస్తా విప్పి చిల్లరగా తూస్తే కందిపప్పు ఎంతో కొంత తరుగుతుంది, చింతపండు ఆరి బరువు తగ్గుతుంది. ఆ తరుగుని కేజీకి ధర కట్టేటప్పుడే కలుపుకుని, ఆ ధర పలక మీద రాసి పెట్టండి.