అక్టోబర్‌లో కొన్న పాత బేస్‌బాల్ రికార్డు సరిగ్గా పలకట్లేదా? సమస్య - పరిష్కారం

అమెరికాలో ఒకప్పుడు ఏదైనా బేస్‌బాల్ జట్టు గొప్పగా ఆడితే, ఆ సీజన్ కథని ఎల్పీ రికార్డుగా (సూది పెట్టి వినే పెద్ద నల్లటి పళ్ళెం) వేసి అభిమానులకి అమ్మేవాళ్ళు. రేడియో కామెంటరీ ముక్కలు, స్టేడియంలో జనం కేకలు, మధ్యమధ్యలో కథ చెప్పే ఒక గొంతు. 1967 బోస్టన్ రెడ్ సాక్స్ మీద ఫ్లీట్‌వుడ్ కంపెనీ తెచ్చిన ‘ది ఇంపాజిబుల్ డ్రీమ్’ అలాంటిదే. 1969లో న్యూయార్క్ మెట్స్ ఆటగాళ్ళైతే స్వయంగా పాటలు పాడి ఒక రికార్డే ఇచ్చారు.

నేను గుంటూరులో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ విన్నవాణ్ణి. ఇప్పుడు ఉండేది బోస్టన్‌కి గంట దూరంలో. ఆట కళ్ళకి కనపడకుండా గొంతులోంచి కనపడటం అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఈ రికార్డులంటే ప్రాణం. ఇవన్నీ సెకండ్ హ్యాండ్‌వే, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్, అంటే సీజన్ అయ్యాక విజేతని తేల్చే నాకౌట్ సిరీస్‌లు, మొదలైతే చాలు, ఇక్కడి మన స్నేహితుల్లో ఎవరో ఒకరు కొత్తగా కొని, వారం తిరక్కుండా నాకు ఫోన్ చేస్తారు. వాళ్ళకి చెప్పేవన్నీ ఒక చోట పెడుతున్నాను.

“ప్లేఆఫ్స్ అని వెతికితే పాతవి ఏవీ రావట్లేదు”

కారణం చరిత్రలో ఉంది. 1969కి ముందు ఇప్పటిలాంటి ప్లేఆఫ్స్ లేవు. రెండు లీగుల్లో మొదటి స్థానంలో నిలిచిన జట్లు నేరుగా వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ ఆడేవి. లీగ్‌లో మొదటి స్థానాన్ని ‘పెన్నెంట్’ గెలవడం అంటారు. లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ 1969లో వచ్చింది, డివిజన్ సిరీస్ 1995 నుంచి ఆడుతున్నారు, 12 జట్ల పద్ధతి 2022లో మొదలైంది. కాబట్టి 1967 రికార్డు కావాలంటే సంవత్సరం, జట్టు పేరు, పెన్నెంట్ అన్న మాట కలిపి వెతకండి.

ఒక మినహాయింపు ఉంది. రెండు జట్లు మొదటి స్థానంలో సమానంగా నిలిస్తే విడిగా మ్యాచ్‌లు పెట్టేవాళ్ళు, వాటిని ప్లేఆఫ్ అనే అనేవాళ్ళు. 1951 అక్టోబర్ 3న జెయింట్స్ ఆటగాడు బాబీ థామ్సన్ డాడ్జర్స్ మీద కొట్టిన హోమ్ రన్ అలాంటి మ్యాచ్‌లోదే. దాని మీద రస్ హాడ్జెస్ చెప్పిన రేడియో కామెంటరీ ఈ రోజుకీ వినిపిస్తోందంటే, ఒక అభిమాని ఇంట్లో టేపు రికార్డర్ పెట్టి పట్టుకోవడం వల్లే. ఆ టేపు లేకపోతే ఆ గొంతు గాలిలో కలిసిపోయేది. పాత రికార్డుని జాగ్రత్తగా చూసుకోవాలని నేను ఇంతగా చెప్పేది ఇందుకే.

“నిన్నటిదాకా ఉన్న ధర ఇవాళ రెండింతలైంది”

మీ జట్టు గెలుస్తోంది కదా, అదే కారణం. వేలంలో మీలాంటివాళ్ళు ఇంకో నలుగురు చేరారు. ప్లేఆఫ్స్‌లో మొదటి దశ వైల్డ్ కార్డ్ మూడు మ్యాచ్‌ల సిరీస్, తర్వాత డివిజన్ ఐదు, ఆ పైన లీగ్ చాంపియన్‌షిప్, వరల్డ్ సిరీస్ రెండూ ఏడేసి. ఈ నెలంతా జనం రాత్రి మ్యాచ్ చూస్తూ ఫోన్‌లో బిడ్ వేస్తూ ఉంటారు. నేనూ వేశాను, ఆట ముగిసే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఫొటోలు పూర్తిగా చూడకుండా. ఆ కాపీ సంగతి చివర్లో చెబుతాను.

అక్టోబర్‌లో చూసి పెట్టుకోండి, జనవరిలో కొనండి. రెడ్ సాక్స్ రికార్డు లాంటివి న్యూ ఇంగ్లండ్ ఇళ్ళల్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. అరుదైనది అని అమ్మేవాళ్ళు రాసినంత మాత్రాన తొందరపడొద్దు.

“కవర్ పై అంచు కత్తితో కోసినట్టు చీలింది”

రికార్డుని కవర్‌లోనే ఉంచి పంపారు. పెట్టె కిందపడినప్పుడల్లా రికార్డు అంచు కవర్‌ని లోపల్నుంచి కోసింది. డబ్బు కట్టేముందే ఒక్క మాట రాయండి: “రికార్డుని కవర్ బయట, విడి కాగితంలో పెట్టి, రెండు వైపులా అట్ట పెట్టి పంపండి.” ఈ మాట రాస్తే ఎవరూ కాదనలేదు నాకు.

“వీజీ ప్లస్ అన్నారు, పెడితే ఒకటే గరగర”

అందరూ ముందు చేసే ఫోన్ ఇదే. వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) అనేది అమ్మేవాళ్ళు రికార్డు స్థితికి ఇచ్చే గ్రేడ్. అంటే చాలా బాగుంది, చిన్న చిన్న గుర్తులున్నా వినడానికి అడ్డు రావు అని అర్థం. దాని పైన నియర్ మింట్, దాని కింద వీజీ. ఉత్త ‘గుడ్’ అని రాస్తే మాత్రం గుడ్ అనుకోకండి. ఆ మాటకి ఈ వ్యాపారంలో బాగా అరిగింది అనే అర్థం.

చిక్కు ఎక్కడుందంటే, చాలామంది రికార్డుని దీపం కింద చూసి గ్రేడ్ రాస్తారు, పెట్టి వినరు. యాభై ఏళ్ళు అటక మీద ఉన్న రికార్డు పైకి నల్లగా తళతళలాడుతుంది, గాడిలో మాత్రం దుమ్ము గట్టిపడి ఉంటుంది. కాబట్టి అమ్మినవాళ్ళతో గొడవకి వెళ్ళేముందు ఒకసారి కడగండి. గరగర అంటోందని నాకు చూపించిన రికార్డుల్లో సగానికి పైగా కడిగాక మామూలుగా పలికాయి.

కడగడం ఇలా. నాలుగు పాళ్ళు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు అంట్లు తోమే లిక్విడ్. కుళాయి నీళ్ళు వద్దు, అందులోని ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. మధ్యలో ఉన్న కాగితం లేబుల్ తడవకుండా దాని మీద ఒక ప్లాస్టిక్ మూత బోర్లించి పట్టుకోండి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే దిశలోనే, గుండ్రంగా తుడవండి. అడ్డంగా రుద్దితే దుమ్ము గాడిలోకి ఇంకా దిగుతుంది, గీతలూ పడతాయి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక పెట్టి వినండి.

మొదటి పక్క అయిపోగానే సూది మొన చూడండి. బూడిద రంగు దూది ఉండలాంటిది అంటుకుని ఉంటే గాడిలో మురికి ఇంకా వస్తోందన్నమాట. సూదిని మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకి తుడిచి, రికార్డుని ఇంకోసారి కడగండి. కడిగిన రికార్డుని మళ్ళీ ఆ పాత కాగితం కవర్‌లో పెడితే చేసిన పనంతా వృథా. కొత్త లోపలి కవర్ కొనండి.

ముఖ్యమైన హెచ్చరిక: 78 స్పీడు రికార్డులకి ఆల్కహాల్ తగలనివ్వకండి. అవి ఎల్పీల్లా వినైల్ ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి. ఆల్కహాల్‌కి కరిగిపోతాయి. ఇంట్లో తాతగారి కాలం నాటి గ్రామఫోన్ రికార్డులు ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట.

కడిగినా చిటపటలు ఉంటే, మీ ఆంప్లిఫయర్‌కి మోనో స్విచ్ (కుడి, ఎడమ చానెళ్ళని ఒకటిగా కలిపేది) ఉందేమో చూసి నొక్కండి. ఆ రోజుల్లో రేడియో కామెంటరీ ఎలాగూ మోనోయే కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. సూది పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు రెండు చానెళ్ళలో ఎదురెదురుగా ఉంటుంది, రెండూ కలిసేసరికి కొట్టుకుపోతుంది. చలికాలంలో హీటర్ వేసిన గదిలో మాత్రమే చిటపటలు వస్తుంటే అది స్టాటిక్. కార్బన్ ఫైబర్ బ్రష్ ఒకటి కొంటే సరిపోతుంది.

“ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది”

ఏ చోట అంటోందో చూసి, ఆపి, దీపం పక్కనుంచి పడేలా రికార్డుని వంచి చూడండి. చుక్కలాంటిది అంటుకుని ఉంటే మురికి, కడిగితే పోతుంది. గీత ఉంటే గోరు మొనతో మెల్లగా తాకి చూడండి. గోటికి తగిలితే లోతైన గీత, అది పోదు, డబ్బు వెనక్కి అడగండి. తగలకపోతే లోపం మీ ప్లేయర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. సూది బరువు తక్కువగా పెట్టి ఉంటారు. చాలా కార్ట్రిడ్జిలకి (సూది బిగించి ఉండే చిన్న భాగం) 1.5 నుంచి 2 గ్రాముల మధ్య ఉండాలి. మీ కార్ట్రిడ్జి కంపెనీ ఎంత చెప్పిందో చూసి చిన్న తూకంతో సరిచేయండి. సూది మీద నాణెం పెట్టే అలవాటు మానేయండి, అది గాడిని దున్నేస్తుంది.

“సూది పడవలా ఊగుతోంది” / “గొంతు సాగి సాగి వస్తోంది”

ఊగుతోందంటే రికార్డు వంగింది. వేడే కారణం. వేసవిలో మూసిన వ్యాన్‌లోనో, ఎండ పడే గుమ్మంలోనో పెట్టె ఉండిపోతే చాలు. బెజవాడకో రాజమండ్రికో తెప్పించుకునేవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకండి. చిన్న వంపు ఉండి సూది దాటుకుపోతుంటే వదిలేయండి. ఓవెన్‌లో పెట్టి సాఫు చేసే వీడియోలు చూసి ప్రయత్నించొద్దు, గాడులు కూడా కరుగుతాయి. గాజు పలకల మధ్య బరువు పెట్టి ఉంచితే చిన్న వంపు కొంత తగ్గొచ్చు. పెద్దది తగ్గదు, తిప్పి పంపాల్సిందే.

గొంతు సాగుతోందంటే మధ్య చిల్లు సరిగ్గా మధ్యలో లేదు. తిరుగుతుంటే సూది చెయ్యి కుడికీ ఎడమకీ కదలడం కనిపిస్తుంది. అది తయారీ లోపం.

“అంతా బాగుంది, ఆఖరి అవుట్ దగ్గరే గొంతు చీలుతోంది”

బేస్‌బాల్ రికార్డులకి ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఇది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది కూడా ఇదే.

రికార్డు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, నిమిషానికి 33⅓ సార్లు. కానీ బయటి అంచు దగ్గర ఒక చుట్టు పెద్దది, లేబుల్ దగ్గర చిన్నది. అంచు దగ్గర సూది కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపల సుమారు 21 మాత్రమే పోతుంది. అంత శబ్దాన్నీ సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. సూది తడబడేది అక్కడే. సీజన్ కథ ఏప్రిల్ నుంచి అక్టోబర్‌కి వరసగా నడుస్తుంది కాబట్టి, జనం గోల మిన్నంటే ఘట్టాలు ఎక్కువగా పక్క చివర్లో, ఆ ఇరుకు గాడిలోనే పడతాయి. దానికి తోడు పాత యజమాని, పాపం, ఆ ఘట్టాన్నే పదే పదే పెట్టుకుని విని ఉంటాడు. రికార్డంతా పదిసార్లు అరిగితే ఆ ఒక్క నిమిషం వందసార్లు అరిగింది.

ముందు మీ ప్లేయర్‌ని పరీక్షించండి. మంచి కొత్త రికార్డు ఒకటి తీసుకుని చివరి పాట వినండి. అక్కడ కూడా ‘స’, ‘ష’ అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తే కార్ట్రిడ్జి వంకరగా ఉంది. కాగితం మీద అచ్చేసిన ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జి కోణం చూసే కొలబద్ద) పెట్టి సరిచేయండి. సూది వేసి చాలా ఏళ్ళయితే మార్చండి. కొత్త రికార్డు శుభ్రంగా పలికి పాతదే చీలుతుంటే గాడి అరిగిపోయింది. కడిగినా, బరువు మార్చినా తిరిగి రాదు. సన్నటి మొన ఉన్న సూది, అంటే ఎలిప్టికల్ రకం మొనకి బదులు మైక్రోలైన్ రకం లాంటిది, గాడిలో అరగని చోటుని తాకి కొంత మెరుగ్గా పలికించొచ్చు. ఖర్చు ఎక్కువ, ఒక్క రికార్డు కోసం కొనమని చెప్పను.

అసలు పరిష్కారం కొనకముందే ఉంది. ఫొటో అడగడం కాదు, ఇలా అడగండి: “రెండో పక్క ఆఖరి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి పంపగలరా?” అరుగుదల ఫొటోలో కనపడదు, చెవికి తెలుస్తుంది. పంపనన్నవాళ్ళ దగ్గర కొనకండి.

“తిప్పి పంపాలి, ఎలా?”

పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి. లోపల లేబుల్‌కీ గాడికీ మధ్య ఖాళీ చోట గీకి ఉన్న నంబర్‌ని, అమ్మకం పేజీలో ఉన్నదానితో పోల్చండి. కవర్ ఒకటి, లోపల రికార్డు ఇంకొకటి రావడం అరుదేమీ కాదు. లోపం ఉంటే తక్కువ రేటింగ్ ఇవ్వడానికి ముందు అమ్మినవాళ్ళకి మర్యాదగా రాయండి: ఏ పక్క, ఎన్నో నిమిషం, ఏం వినిపిస్తోంది, కడిగాక కూడా ఉందా. ఇంత వివరంగా రాస్తే చాలామంది వెంటనే డబ్బు తిరిగిచ్చేస్తారు. గడువు మాత్రం దాటనివ్వకండి.

నా తొమ్మిదో ఇన్నింగ్స్ కాపీ రెడ్ సాక్స్‌దే. 1966లో పది జట్లలో తొమ్మిదో స్థానం, మరుసటి ఏడు సీజన్ ఆఖరి రోజు, అక్టోబర్ 1న, మిన్నెసోటా ట్విన్స్‌ని 5-3తో ఓడించి పెన్నెంట్. చివరి బంతి గాల్లోకి లేచింది, రీకో పెట్రోసెల్లి పట్టుకున్నాడు, జనం మైదానంలోకి దూకారు. అక్కడికి వచ్చేసరికి కామెంటేటర్ నెడ్ మార్టిన్ గొంతు చింకి గుడ్డలా చీలిపోయింది. రెండుసార్లు కడిగాను, సూది మార్చాను, లాభం లేదు. గడువు అప్పటికే దాటింది.

జనవరిలో ఇంకో కాపీ దొరికింది, అక్టోబర్ ధరలో మూడో వంతుకి. అమ్మిన పెద్దాయన ఫోన్‌లో పంపిన ముక్కలో ఆ క్యాచ్ స్పష్టంగా వినిపించింది, వెనకాల ఆయన వంటింట్లో గిన్నెల చప్పుడుతో సహా. దాని కవర్ మూల నలిగి ఉంది. అందుకని మొదటి కాపీ కవర్‌లో రెండో కాపీ రికార్డు పెట్టుకున్నాను.