ఇంట్లో రేడియేషన్ ఎంతుందో కొలవడం, ఆ అంకెను అర్థం చేసుకోవడం

రేడియేషన్ మీటర్ చేతికొచ్చిన మొదటి గంటలోనే చాలామంది హడలిపోతారు. ఏ మూలకు తిప్పినా ఏదో ఒక అంకె, పక్కన ఎర్ర లైటు. చవక మీటర్లలో ఆ లైటు ఎక్కడ వెలగాలన్నది తరచుగా తయారీదారు ఇష్టం. లైటు మీద టేపు అంటించి, అంకె ఒక్కటే చూడండి.

కొలవాల్సినవి రెండు, రెంటికీ పోలిక లేదు. కరెంటు వైర్లు, మోటార్ల చుట్టూ ఉండేది 50 లేదా 60 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం, దీన్ని మైక్రోటెస్లాలో చెప్తారు. ఫోన్, వైఫై, టవర్లది రేడియో తరంగం, దీన్ని మీటరుకు ఇన్ని వోల్టులనో, చదరపు మీటరుకు ఇన్ని వాట్లనో చెప్తారు. ఒక ప్రమాణం నుంచి రెండోదానికి మారడం సులువు: వోల్టుల అంకెను దానితోనే హెచ్చించి 377తో భాగిస్తే వాట్లు వస్తాయి. 6 వోల్టులంటే సుమారు 0.095 వాట్లు. ఎక్స్-రేల్లాగా అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఈ రెంటికీ లేదు.

ఫోన్‌లో వేసుకునే "రేడియేషన్ డిటెక్టర్" యాప్‌లు ఇక్కడ పనికిరావు. అవి చూపించేది దిక్సూచి సెన్సార్ రీడింగ్. భూమి అయస్కాంతమే 25 నుంచి 65 మైక్రోటెస్లాలు ఉంటుంది కాబట్టి టవర్ ఉన్నా లేకున్నా అంకె కనిపిస్తూనే ఉంటుంది.

రేడియో తరంగాలు కొలిచే తీరు

మూడు దిక్కుల తరంగాన్నీ ఒకేసారి పట్టే మూడు అక్షాల మీటర్ తీసుకోండి. ఒకే అక్షం ఉన్నదైతే ప్రతి చోటా మూడు దిక్కులకు తిప్పి, మూడు వోల్టుల అంకెల వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. ఎంత ఫ్రీక్వెన్సీ దాకా చదువుతుందో చూడండి. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయే మీటర్‌కు 5 గిగాహెర్ట్జ్ వైఫై కనిపించదు.

కొలిచే ముందు జేబులోని ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే: టవర్‌ది అనుకుని సొంత ఫోన్‌నే కొలుస్తుంటారు. మీటర్‌ను చేయి చాచి పట్టుకోండి, ఒంటికి దగ్గరైతే మీ శరీరమే తరంగాన్ని ఆపుతుంది, కాస్త తిప్పి కొడుతుంది కూడా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. గోడల నుంచి వెనక్కొచ్చిన తరంగం అసలు తరంగంతో కలిసినప్పుడు మూడు సెంటీమీటర్లు జరిగితేనే అంకె సగానికి పడిపోవచ్చు, రెట్టింపూ కావచ్చు. అందుకే ఒకే చోట పట్టుకోకుండా, తల ఎత్తు నుంచి నడుము దాకా మెల్లగా ఊపుతూ సగటు తీయాలి.

పీక్ (ఆ క్షణపు గరిష్ఠం), సగటు అనే రెండు మోడ్‌లను కలగాపులగం చేయకండి. ఖాళీగా ఉన్న రూటర్ సెకనుకు సుమారు 10 సార్లు చిన్న సంకేతం పంపి ఊరుకుంటుంది. పీక్ 2 వోల్టులు చూపించినా, పంపే సమయం నూటికి ఒక వంతే అయితే సగటు 0.2 వోల్టులే. పరిమితులన్నీ సగటు మీద రాసినవి. శరీరంలో ఒక భాగం మీద పడేదానికి 6 నిమిషాలు, శరీరమంతటికీ 30 నిమిషాల సగటు అని ఇక్నిర్ప్ (ఇలాంటి రేడియేషన్‌కు పరిమితులు సూచించే అంతర్జాతీయ సంఘం) 2020 మార్గదర్శకాలు చెప్తాయి.

పోల్చాల్సిన ఇక్నిర్ప్ అంకెలు: సాధారణ జనానికి 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు, 1800 దగ్గర 9, 2 గిగాహెర్ట్జ్ దాటితే 10. వోల్టుల్లో ఇవి సుమారు 41, 58, 61. రకరకాల మూలాలు ఉంటే ఒక్కొక్కటీ తన పరిమితిలో ఎన్నో వంతో చూసి కూడాలి, మొత్తం 1 దాటకూడదు. వోల్టులను నేరుగా కూడకండి: 3, 4 కలిస్తే 7 కాదు, 5.

లెక్కతో సరిచూసుకోవడమూ మంచిదే. 100 మిల్లీవాట్ల రూటర్ మీటరు దూరంలో చదరపు మీటరుకు 0.008 వాట్లు, 20 సెంటీమీటర్ల దగ్గర 0.2 వాట్లు ఇస్తుంది. దూరం అయిదో వంతుకు తగ్గితే బలం 25 రెట్లయింది. టవర్ యాంటెన్నా నుంచి సూటిగా ఎదురుగా వెళ్లే బీమ్ 1000 వాట్లకు సమానమనుకుంటే, 4.5 వాట్ల పరిమితి నాలుగు మీటర్ల చిల్లర దగ్గరే అయిపోతుంది. 50 మీటర్ల దగ్గర 0.03 వాట్లు. డాబా మీద యాంటెన్నా ముందు నిలబడొద్దనేది అందుకే. టవర్ కింద ఉన్నవాళ్లకంటే, దానికి ఎదురుగా అదే ఎత్తులో ఉన్న అంతస్తుకే ఎక్కువ పడుతుంది. కొలవాల్సిందీ ఆ కిటికీ దగ్గరే.

ఆ పరిమితి సరిపోతుందా?

పరిమితి ఎలా పుట్టిందో తెలియకుండా ఈ వాదనలోకి దిగితే ఉపయోగం లేదు. శరీరం మొత్తానికి కిలోకు సగటున 4 వాట్లు చేరితే లోపలి వేడి దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఆ 4ను 10తో భాగించి, ఈ తరంగాల మధ్య పనిచేసే ఉద్యోగులకు 0.4, 50తో భాగించి జనానికి 0.08 అన్నారు. ఫోన్ పెట్టుకునే తలకు విడిగా 10 గ్రాముల కణజాలం మీద కిలోకు 2 వాట్లు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లెక్క 1 గ్రాము మీద 1.6, అదీ 1996 నాటిది. ఆ పాత అంకెలను ఎందుకు కొనసాగిస్తున్నారో సరిగ్గా వివరించలేదని 2021లో అక్కడి కోర్టు ఎఫ్‌సీసీని తప్పుపట్టింది.

వేడి వరకూ ఈ పరిమితి గట్టిదే. తగాదా అంతా వేడి పుట్టని స్థాయిలో, ఏళ్ల తరబడి వాడకం గురించి. 2011లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు" అన్న చోట పెట్టింది. ఫోన్ వాడకం మీద 2010 నాటి ఇంటర్‌ఫోన్ అధ్యయనంలో 1640 గంటలు దాటి మాట్లాడినవాళ్లలో ఒక రకం మెదడు కణితి 1.4 రెట్లు కనిపించింది, కానీ ఆ గంటలన్నీ గుర్తు తెచ్చుకుని చెప్పినవి. 2018లో అమెరికా ప్రభుత్వ విషపదార్థాల పరీక్షా సంస్థ ఎన్‌టీపీ ప్రయోగంలో మగ ఎలుకల గుండెలో కణితులు వచ్చాయి. వాటికి ఒళ్లంతా కిలోకు 6 వాట్ల దాకా పట్టించారు, పైగా ఆ ఎలుకలు మిగతావాటికంటే ఎక్కువకాలం బతికాయి. డబ్ల్యూహెచ్‌ఓ చేయించిన 2024 సమీక్షలో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. ఇంత చదివి "రుజువైపోయింది" అనేవాళ్లనూ, "అంతా కట్టుకథ" అనేవాళ్లనూ ఒకేలా అనుమానించొచ్చు. టవర్‌మీద పోట్లాట కన్నా చెవి దగ్గర ఫోన్ తగ్గించుకోవడమే లెక్కకు నిలుస్తుంది, ఎందుకంటే తలకు అందే మోతాదులో పెద్ద వాటా దానిదే.

ఫోన్ విషయంలో దూరమే మందు. సిగ్నల్ బలహీనపడి మైనస్ 110 డీబీఎం (సిగ్నల్ బలం కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటే ఫోన్ తన పూర్తి బలంతో పంపుతుంది, మైనస్ 70 దగ్గర అందులో చిన్న వంతుతోనే సరిపెడుతుంది. లిఫ్టులో, సెల్లార్‌లో మాట్లాడాల్సి వస్తే స్పీకర్ పెట్టండి. "రేడియేషన్ ఆపే" స్టిక్కర్లు యాంటెన్నాకు అడ్డం పడితే ఫోన్ మరింత గట్టిగా పంపుతుంది, అడ్డం పడకపోతే వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ను దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబు పనికిరాదు.

మైక్రోవేవ్ అవెన్‌లో ఫోన్ పెట్టి రింగ్ చేసి చూసే పరీక్ష దండగ. తలుపు అంచుల్లోని అమరిక 2.45 గిగాహెర్ట్జ్‌ను ఆపేలా కట్టింది, ఫోన్ వేరే బ్యాండ్లలో పనిచేస్తుంది, అతి సన్నని సిగ్నల్‌తోనూ మోగుతుంది. చూడాల్సింది తలుపు వంకరను, వదులైన కీలును, అంచుల్లో పేరుకున్న జిడ్డును.

కరెంటు వైరింగ్

ఇక్కడ ఇక్నిర్ప్ పరిమితి 200 మైక్రోటెస్లాలు (2010), కానీ చిన్నపిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) అధ్యయనాల్లో తేడా కనిపించింది సగటున 0.3-0.4 దాటిన ఇళ్లలో. కారణ సంబంధం తేలలేదు, ఐఏఆర్‌సీ దీన్నీ 2బిలోనే పెట్టింది. పరుపు దగ్గర 0.4 దాటి నిలకడగా చూపిస్తే వెతకడం సబబు.

ఫేజ్, న్యూట్రల్ పక్కపక్కనే నడిస్తే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఎక్కడో న్యూట్రల్ వేరే దారి పట్టినా, ఎర్త్‌తో తప్పుగా కలిసినా ఆ సమతూకం పోతుంది. అలా విడిపోయిన కరెంటు 5 ఆంపియర్లైతే మీటరు దూరంలో 1 మైక్రోటెస్లా. దాన్ని పట్టుకోవడానికి, వైరు చుట్టూ వేసి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ను ఫేజ్, న్యూట్రల్ రెండింటి చుట్టూ కలిపి వేయాలి: సున్నా రావాలి. ఆంపియర్లు చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇది షాక్ ప్రమాదానికీ సూచనే.

తలనొప్పి, నిద్రలేమి రూటర్ వల్లే అనిపిస్తే సొంతంగా పరీక్షించొచ్చు. రోజూ రాత్రి ఇంకొకరు నాణెం ఎగరేసి రూటర్‌ను వేయడమో ఆపడమో చేయాలి, మీకు చెప్పకూడదు. లైట్లు కప్పేసి, ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే నెట్ చూసి తెలిసిపోతుంది. పొద్దున లేవగానే "ఆన్" లేదా "ఆఫ్" అని రాసుకోండి. 20 రాత్రుల్లో కనీసం 15 సరిగ్గా చెప్పడం గుడ్డి ఊహతో నూటికి రెండుసార్లే జరుగుతుంది. 10, 11 దగ్గర ఆగితే బాధ నిజమే, రూటర్‌ను వదిలేసి గదిలోని శబ్దం, వెలుతురు, వేడి చూడండి, డాక్టర్‌నూ కలవండి.