నల్లగొండ ఎండల్లో ఎంజీబీ కాగకుండా తిరగాలంటే

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 45 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో పాత ఎంజీబీ (బ్రిటన్ స్పోర్ట్స్ కారు) వేడి మీటరు సూది పైకి లేస్తే చాలామంది ముందు పెద్ద ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొంటరు. అది ఆఖరున చేయాల్సిన పని. 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ కార్లలో ఎక్కువ భాగం అమెరికాకే పోయినయి. కాలిఫోర్నియా, టెక్సాస్ ఎండల్లో అవి కంపెనీ రేడియేటర్‌తోనే తిరిగినయి. కాబట్టి డిజైన్‌ను అనుమానించే ముందు, ఇన్నేళ్లలో లోపల ఏం పేరుకుందో చూడాలి.

మొదట రోగం ఏ రకమో తేల్చుకోండి. ట్రాఫిక్‌లో, టోల్‌గేటు క్యూలో నిలబడ్డప్పుడే సూది లేచి, బండి కదలగానే దిగుతున్నదా? అది గాలి సమస్య: ఫ్యాన్, బెల్టు, రేడియేటర్ చుట్టూ ఉన్న సందులు చూడాలి. నార్కట్‌పల్లి దాటి హైవే మీద 80 స్పీడులో పోతుంటేనే లేస్తున్నదా? అది నీళ్ల సమస్య, లేదంటే టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం), పెట్రోలు–గాలి మిశ్రమం సమస్య. చల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే పలచటి పొర) పోయినట్టే. అది మార్చకుండా మిగతా ఏ పనికీ డబ్బు పెట్టకండి. మీటరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను థర్మోస్టాట్ (వేడెక్కినంక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) హౌసింగ్ మీద పెట్టి రెండు లెక్కలూ పోల్చండి.

బోరు నీళ్లు చేసే నష్టం

ఎంజీబీలో ఉన్న 1798 సీసీ బీ-సిరీస్ ఇంజను, ఇసుజు రాకముందటి పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను ఒకే కుటుంబానివి. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన పాత మేస్త్రీ దొరికితే అదృష్టమే, ఈ ఇంజను ఆయనకు కొత్త కాదు. ఆ బండ్లలో ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి బోరు నీళ్లు పోసే అలవాటు ఉండేది. దాన్ని మాత్రం ఇక్కడ ఒప్పుకోవద్దు.

నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తది కానీ, ఇంజనును ముంచేది నీళ్లలోని సున్నం. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకు తెల్లటి గట్టి పెచ్చు కడుతది చూడండి, సిలిండర్ల చుట్టూ, రేడియేటర్ ట్యూబుల లోపల కట్టేది కూడా అదే. నీళ్లు వేడెక్కినకొద్దీ సున్నం విడిపోయి ఇనుముకు అంటుకుంటది. దానికి తుప్పు బురద తోడైతది. ఈ బురద ఎక్కువగా బ్లాకు వెనక భాగంలో, నాలుగో సిలిండర్ చుట్టూ చేరుతది. అందుకే ముందు మీటరు మామూలుగానే చూపిస్తున్నా వెనక సిలిండర్ కాగుతుంటది.

కడిగే పద్ధతి ఇది. ఇంజను పూర్తిగా చల్లారినంక రేడియేటర్ కింది హోస్ పైపు విప్పి నీళ్లు వదలండి. బ్లాకుకు వెనకవైపు కుడిపక్కన డ్రెయిన్ ట్యాప్ ఉంటది. తిప్పినా చుక్క రాకపోతే లోపల నీళ్లు లేవనుకోవద్దు, బురద అడ్డం పడింది. ట్యాపును పూర్తిగా ఊడదీసి, గట్టి తీగతో ఆ రంధ్రంలో పొడుస్తూ ఉండండి. ముందు ముద్దముద్దగా ఎర్ర బురద, తర్వాత ధారగా నీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. థర్మోస్టాట్ తీసేసి, హీటర్ వాల్వ్ తెరిచి పెట్టి, పై హోస్ నుంచి మామూలు పైపుతో నీళ్లు కొట్టండి.

ఇప్పుడు అన్నీ బిగించి, కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు 250 గ్రాములు వేడినీళ్లలో కరిగించి పోసి, మిగతాది మంచినీళ్లతో నింపండి. హీటర్‌తో కలిపి ఇంజను పట్టేది సుమారు 5.7 లీటర్లు. 30 నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వదిలేయండి. రెండుసార్లు కడిగి, మూడోసారి రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపిన నీళ్లతో 10 నిమిషాలు నడిపి, మళ్లీ కడగండి. నీళ్లు బాగా ఎర్రగా వస్తే మొత్తం ఇంకోసారి చేయాలి. బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు. అది ఇనుమునూ ఇత్తడినీ టంకాన్నీ కూడా తినేస్తది. నిమ్మ ఉప్పుతో కూడా ఒక చిక్కు ఉంది: ఇన్నాళ్లు పెచ్చే మూసి ఉంచిన సన్న రంధ్రాలు బయటపడి, బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు (రంధ్రాలను మూసే రేకు మూతలు) కారొచ్చు. కారితే కొత్తవి కొట్టించండి, లీకేజీ పొడి మాత్రం పోయకండి. ఆ పొడి ట్యూబులను కూడా మూసేస్తది.

రేడియేటర్, మూత, థర్మోస్టాట్

కడిగినా హైవే మీద వేడి తగ్గకపోతే రేడియేటర్‌ను షాపుకు పంపండి. పాత ఇత్తడి టాంకీలు అట్లే ఉంచి, కొత్త రాగి కోర్ వేయించడమే ఇక్కడ మంచిది. అల్యూమినియం రేడియేటర్ తేలికే, వేడి కూడా బాగానే లాగుతది. కానీ కూలెంట్ పాడైనా, ఎర్త్ వైరు సరిగా లేకపోయినా లోపలి నుంచి తినుకుపోతది, దారిలో చిల్లు పడితే టంకం పెట్టే మనిషి దొరకడు.

రేడియేటర్ మూత తొలి కార్లకు 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), తర్వాతి వాటికి 10. ఈ ప్రాంతం ఎత్తులో 7 మూతతో నీళ్లు సుమారు 110 డిగ్రీల దగ్గర మరిగితే, 10 మూతతో సుమారు 114 దగ్గర మరుగుతయి. హోసులు, హీటర్ కొత్తవైతే 10 పెట్టుకోండి. 15కు ఎగబాకొద్దు, యాభై ఏళ్ల హీటర్ కోర్ ఆ ఒత్తిడికి కాళ్ల దగ్గరే పగులుతది. మూత కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకుపోండి. లోపలికి దిగే పొడవు తేడా ఉంటే కొత్త మూతైనా పట్టదు.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటదని చెప్పేవాళ్లు ప్రతి షెడ్డులో ఉంటరు. వినకండి. అది ఇంజను కనీసం ఎంత వేడిలో నడవాలో నిర్ణయిస్తది, ఎంత వరకు కాగాలో కాదు. లేకపోతే చలికాలం పొద్దున ఇంజను అసలు వేడెక్కక, పెట్రోలు ఆయిల్‌లో కలిసి అరుగుదల పెరుగుతది. మామూలుగా 82 డిగ్రీలది ఉంటది, ఇక్కడికి 74ది సరిపోతది. బిగించేముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి తెరుచుకుంటున్నదో లేదో చూడండి. అంచులో గాలి రంధ్రం లేకపోతే 3 మిల్లీమీటర్లది ఒకటి వేయండి. హౌసింగ్ మాత్రం మూడు స్టడ్ల మీద తుప్పుతో అతుక్కొని ఉంటది. సుత్తితో కొడితే స్టడ్ హెడ్డులో విరుగుతది. ముందు రోజే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టండి.

గాలి, ఫ్యాన్

రేడియేటర్‌కూ చుట్టూ ఉన్న రేకుకూ మధ్య ఫోమ్ పట్టీలు ఉండాలి. చాలా బండ్లలో అవి ఎప్పుడో రాలిపోయి ఉంటయి. గాలి కోర్‌లోంచి పోకుండా పైనుంచీ పక్కనుంచీ జారుకుంటది. కొన్ని రూపాయల ఫోమ్‌తో ఆ సందులన్నీ మూయండి. జాలీ ముందు బిగించిన పెద్ద లైట్లు, బ్యాడ్జీలు తీసేయండి. ఫ్యాన్ బెల్టు పొడవాటి వైపు మధ్యలో నొక్కితే 13 మిల్లీమీటర్లు ఊగాలి.

ఇవన్నీ అయినంక కూడా నిలబడ్డప్పుడు కాగితేనే ఎలక్ట్రిక్ ఫ్యాన్. 1967కు ముందటి బండ్లలో డైనమో ఉంటది, దాని పూర్తి శక్తి 22 ఆంపియర్లే. బండి నిలబడి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్‌కు 8–10 ఆంపియర్లు కావాల్సింది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఆల్టర్నేటర్‌కు మార్చకుండా ఫ్యాన్ పెడితే బ్యాటరీ దిగిపోతది. ఆ బండ్లలో ఇంకో మెలిక ఉంది: బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్. ఎర్రది, నల్లది అలవాటు ప్రకారం కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరిగి, ఎదురొచ్చే గాలినే ఆపేస్తది. బిగించినంక పలచటి గుడ్డ పట్టుకొని గాలి ఎటు పోతున్నదో చూడండి.

ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని లాగేదైతే మేలు. కోర్‌లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టొద్దు, అవి ఊగి ట్యూబులను కోస్తయి. రేకు క్లాంపులతో ఫ్రేముకు బిగించండి. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 ఆంపియర్ల రిలే ఉండాలి. 92 దగ్గర ఆన్ అయి, 87 దగ్గర ఆఫ్ అయ్యే థర్మల్ స్విచ్ పెట్టండి. చేత్తో వేసే స్విచ్ ఒకటి దానికి సమాంతరంగా ఉంటే శ్రీశైలం ఘాటు ఎక్కే ముందే ఆన్ చేసుకోవచ్చు.

టైమింగ్ వెనకబడినా, మిశ్రమం పలచబడినా ఎంత ఫ్యాన్ పెట్టినా కాగుతది. ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో మిశ్రమం పలచబడుతది. ఈ కార్లలో ఉండే ఎస్‌యూ కార్బరేటర్ల అడుగున, పెట్రోలు పాలును మార్చే జెట్ నట్టును ఒకటి రెండు పలకలు కిందికి తిప్పి, ప్లగ్గుల రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకొంచెం తిప్పాలి.

నింపడం, నడిపి చూడడం

మనకు గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగం సగం కలపనక్కర్లేదు. నీళ్లే వేడిని ఎక్కువ మోస్తయి. 1.9 లీటర్ల చిక్కటి కూలెంట్, 3.8 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ చాలు. రంగు చూసి కొనకండి, రాగి, ఇత్తడి, టంకానికి పనికొస్తదని లేబుల్ మీద ఉండాలి. ముందు చక్రాలు ఎత్తులో పెట్టి, హీటర్ వాల్వ్ తెరిచి, పై హోసును పిసుకుతూ మెల్లగా పోయండి. బుడగలు ఆగినంక, నోటికి 25 మిల్లీమీటర్ల కింద ఆపండి.

మధ్యాహ్నం మూడింటికి ఎండలో 15 నిమిషాలు నిలబెట్టి ఇంజను నడపండి. సూది ఒకచోట ఆగి, ఫ్యాన్ ఆన్, ఆఫ్ అవుతూ ఉంటే తర్వాత 50 కిలోమీటర్లు హైవే మీద తిప్పండి. దారిలో సూది ఎర్రగీత వైపు పోతే హీటర్ పూర్తిగా తెరవండి, క్యాబిన్‌లో ఉడికినా ఇంజను కొంత చల్లబడుతది. మరిగితే ఆపేసి 40 నిమిషాలు ముట్టొద్దు. వేడి ఇంజనులో చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతది. మరునాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, హోస్ క్లిప్పులు ఒక్కొక్కటి మళ్లీ బిగించండి. కూలెంట్‌ను రెండేళ్లకోసారి మార్చండి.