షియర్ బాక్స్‌లో ఇసుక బలాన్ని కొలిచే విధానం

ఓవెన్‌లో ఆరబెట్టిన ఇసుకను తూకం వేసి, కావలసిన సాంద్రత వచ్చేలా 60 మి.మీ. చదరపు షియర్ బాక్స్‌లో (పై సగం, కింది సగం ఒకదానిపై ఒకటి జరిగేలా చేసిన పెట్టెలో) పొరలుగా నింపాలి; ఫలితం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది కనుక తొందరపడకూడదు. పైనుంచి 50 కిలోపాస్కళ్ల నిలువు ఒత్తిడి పెట్టి, రెండు సగాలను కలిపి ఉంచిన పిన్నులు తీసివేసి (మరిచిపోయేది ఎక్కువగా దీన్నే), ఒక సగాన్ని నెమ్మదిగా పక్కకు జరుపుతూ షియర్ బలాన్ని (అలా జరపడానికి పట్టే బలాన్ని), జరుగుదలను, ఎత్తులో మార్పును నమోదు చేయాలి. గట్టిగా కూరిన ఇసుకలో రేణువులు ఒకదానిపైకి మరొకటి ఎక్కవలసి రావడంతో నమూనా ఉబ్బి, బలం గరిష్ఠానికి చేరి ఆపై తగ్గుతుంది. వదులు ఇసుక మాత్రం కుదించుకుపోతూ క్రమంగా నిలకడకు వస్తుంది. కొత్త నమూనాలతో 100, 200 కిలోపాస్కళ్ల వద్ద మళ్లీ చేసి, గరిష్ఠ షియర్ ఒత్తిళ్లను (గరిష్ఠ బలాన్ని నమూనా వైశాల్యంతో భాగిస్తే వచ్చేవి) నిలువు ఒత్తిళ్లతో గ్రాఫు గీస్తే, ఆ రేఖ వాలు కోణమే ఇసుక బలానికి కొలమానమైన ఘర్షణ కోణం.